పిల్లలను గుట్టల దగ్గరకు తీసికొనిపోదము

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన ఉపాధ్యాయుల, తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో గడచిన నూరేండ్ల సంగతులు చెప్పవలసినవారు చాలామంది ఉన్నారు. నన్ను మాత్రము పిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పుమన్నారు. నేను రాళ్ళను గురించి చెప్పెదనన్నాను. కార్యదర్శిగారు కొంచెముసేపు నా ముఖము చూసి, "సారు, పిల్లల చదువు గురించి కదా మనము అనుకున్నది?" అన్నారు. "అదే చెప్తాను" అన్నాను. వారు నమ్మినారో లేదో గాని అవకాశమైతే ఇచ్చినారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

నేను చాల ఏండ్లు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు బోధించిన ఉపాధ్యాయుణ్ణి. మొదట నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలెను.

శిలలు మూడు విధములు. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. ఈ వాక్యమును నేను ప్రతి సంవత్సరము నల్లబల్లమీద వ్రాసినాను. పిల్లలు పాట పాడినట్లు వల్లించినారు. పరీక్షలో అయిదు మార్కులకు వ్రాసినారు. మా తరగతి గది కిటికీలోనుండి చూస్తే ఒక గుట్ట కనబడుచుండెను. ఆ గుట్టవైపు నేను ఒక్కనాడును వేలు చూపలేదు.

ఒకరోజు గ్రానైటు పాఠము చెప్పుచుండగా వెనుక బెంచీలోనుండి ఒక పిల్లవాడు లేచినాడు. వడ్డెరవారి పిల్లవాడు. ఎన్నడును నోరు విప్పనివాడు. "సారూ, గ్రానైటంటే మా నాయిన కొట్టే రాయేనా?" అని అడిగినాడు. నేను ఏమన్నానో వినండి. "కాదురా, అది మామూలు బండ. గ్రానైటు వేరే ఉంటుంది" అన్నాను. వాడు కూర్చున్నాడు. తరగతి నవ్వింది.

సాయంత్రము ఇంటికి పోవుచు దారిలో రాళ్ళు కొట్టేచోట ఆగినాను. అప్పుడే పగిలిన ముక్కనొకదానిని చేతిలోకి తీసికొని చూసినాను. పుస్తకములో ఏమున్నదో అది నా అరచేతిలో ఉన్నది. గాజువలె మెరిసే పలుగురాయి పలుకులు, లేత గులాబిరంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు, నల్లగా తళతళలాడే అభ్రకపు రేకులు. మన పెద్దలు కాకిబంగారమనే అభ్రకమే అది. గ్రానైటు! ఆ పిల్లవాడు సరిగా చెప్పినాడు, పట్టా ఉన్న నేను తప్పు చెప్పినాను. తరగతి ఎదుట వాణ్ణి కూర్చోబెట్టినాను.

మరునాడు తరగతిలో ఆ సంగతి చెప్పి, "నిన్న తప్పు చెప్పింది నేను, వాడు కాదు" అన్నాను. పిల్లలందరిని వెంటబెట్టుకొని ఆ గుట్టకు నడిచినాము. అదే మా మొదటి భూగర్భశాస్త్ర యాత్ర. బస్సు లేదు, ఖర్చు లేదు. బడినుండి ఇరువది నిమిషముల నడక.

అక్కడ ఆ పిల్లవాని తండ్రి పని చేయుచుండెను. "అన్నా, పిల్లలకు కొంచెము చూపించు" అని అడిగినాను. ఆయన సిగ్గుపడి సమ్మెట కింద పెట్టినాడు. "నేనేం చెప్త సారూ, నాకు సదువు రాదు" అన్నాడు. తరువాత బండమీద చేయి వేసి, "రాయికి వాటముంటది. వాటము జూసి చీలలు పెడితే మెల్లగ కొట్టినా ఇడిపోతది. వాటము తప్పితే దినమంత కొట్టినా పొడి రాలుతది గాని పలగదు" అన్నాడు. వరుసగా గుంతలు తొలిచి, ఇనుప చీలలు దిగవేసి, ఒక కొననుండి ఇంకొక కొనకు సమ్మెటతో తట్టుచు పోయినాడు. చెవి పెట్టి వినమన్నాడు. చీల చీలకు శబ్దము మారింది. చివరికి గీత గీసినట్లు బండ రెండైంది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. కొడుకు మాత్రము కొట్టలేదు. తండ్రిని చూచుచు నిలబడినాడు. ఆనాటి వాని ముఖము నేనింకను మరువలేదు.

సహోదరులారా, నేను చెప్పదలచినదంతయు ఇందులోనే ఉన్నది. రాళ్ళ పాఠమును నాలుగు గోడల మధ్య చెప్పితే రాయిని ఎరిగిన పిల్లవాడే వెనుక బెంచీలో మూగవాడగును. అదే పాఠమును గుట్టమీద చెప్పితే వాడు గురువగును. మనది పాలమూరు. నాగార్జునసాగరునుండి శ్రీశైలము వరకు ఎన్ని ఆనకట్టల మట్టిని, రాతిని మోసిన చేతులు మనవారివి! ఆ చేతుల పిల్లలు రాళ్ళ పాఠములో తప్పిపోవుచున్నారంటే దోషము పిల్లలది కాదు.

ఇప్పుడు మన నేల సంగతి చెప్తాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు వరకు ఒకే మహబూబ్‌నగరు జిల్లాలో ఉండెను. ఇప్పుడు మూడు జిల్లాలైనవి. ఆ గీతలు మనుష్యులు గీసినవి. నేలలోని గీతలు వేరు. అయినను పిల్లలకు చూపవలసిన పాఠములు ఇక్కడ సరిగా మూడే ఉన్నవి. ఒక్కొక్క చోట ఒక్కొక్కటి. మూడు యాత్రలు చేస్తే శిలల పాఠము పూర్తియగును.

మొదటిది వనపర్తి వైపు. ఇది గ్రానైటు దేశము. ఖిల్లా ఘనపురము కోట నిలిచియున్న గుట్టలను చూడండి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న గుండ్లను చూసి, ఎవరో రాక్షసులు పెట్టిపోయినారని పిల్లలకు చెప్పుచుంటాము. ఎవరును పెట్టలేదు. ఈ గ్రానైటు భూమిలోపల చాల లోతున, కరిగిన ముద్దయై, మెల్లమెల్లగా చల్లారి గట్టిపడినది. దానిమీదనున్న భారమంతయు కోట్ల ఏండ్లలో అరిగిపోగా బండ కొంచెము ఉబికి నిలువునా అడ్డముగా పగుళ్ళు విచ్చినది. పగుళ్ళలో నీరు దిగి మూలలను తిన్నది. మూలలు పోయిన చదరము గుండు కాక ఏమగును? ఎండకు కాగి, రాత్రికి చల్లారి, నీటికి నాని, బండ ఉల్లిపొరవలె పొరలు విడుచుచుండును. పిల్లలచేత ఆ పొర అంచున అరచేయి పెట్టించి, లోపలి బండను, పైపొరను తట్టించి శబ్దము వినిపించవలెను. ఒకటి గంటవలె మ్రోగును. ఒకటి డొల్లగా పలుకును.

అక్కడనే ఒక పాత దిగుడుబావి దగ్గర ఆగవలెను. మా రెండవ యాత్రకు కొందరు తల్లులు వచ్చినారు. మొదటి యాత్రకు ఆడపిల్లలను పంపలేదు. తల్లులు వెంట వస్తే పంపెదమన్నారు, సరే రమ్మన్నాను. వారిలో ఒకామె బావులు తవ్వే ముఠాలో మట్టి మోసిన మనిషి. బావి అంచున నిలబడి పిల్లలకు వేలితో చూపించినది: "పైన ఎర్రమన్ను. దాని కింద మొరము. దాని కింద మెత్తబండ, పారకు వస్తది. దాని కింద గట్టిబండ, మందు పెట్టాలె. నీళ్ళు మెత్తబండల ఉంటయి. గట్టిబండల సందు దొరికితేనే నీళ్ళు, లేకుంటే దుమ్మే." భూగర్భజల శాస్త్రములో గ్రానైటు ప్రాంతమును గూర్చిన పాఠము ఇంతే. వేల రూపాయలు పోసి బోరు వేసి దుమ్ము చూసిన తండ్రులు ఇక్కడ ఎందరో ఉన్నారు. గట్టి గ్రానైటులో నీరు పగుళ్ళలో తప్ప నిలువదని ఏడవ తరగతిలోనే చూసిన పిల్లవాడు రేపు బోరు వేయించునప్పుడు నాలుగుసార్లు ఆలోచించును.

రెండవది గద్వాల వైపు. ఇక్కడ గ్రానైటు మధ్యలో వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ఒక నల్లరాతి పట్టీ సాగుచున్నది. శాస్త్రజ్ఞులు దీనిని గద్వాల శిలాపట్టీ అంటారు. ఇది సుమారు 270 కోట్ల ఏండ్ల నాటిది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పట్టీలో బోనినైటు అనే అరుదైన లావారాయి ఉన్నదని 2005లో ప్రకటించినారు. ఆ పేరు జపానుకు దక్షిణముగా పసిఫిక్ మహాసముద్రములోనున్న బోనిన్ దీవులనుండి వచ్చినది. సముద్రపు అడుగు నేల పలక ఇంకొక పలక కిందికి దూరిపోవుచోట పుట్టు రాయి అది. అనగా వానచుక్కకై మొగము వాచిన మన గద్వాల నేల ఒకప్పుడు సముద్రపు సంగతి ఎరిగిన నేల. మన పొరుగున రాయచూరు జిల్లా హట్టిలో బంగారము తీయుచున్నది కూడ ఇటువంటి నల్లరాతి పట్టీలోనే. ఈ మాట చెప్పగానే పిల్లలు నేలను చూచుచు నడుస్తారు. చూడనిండు. బంగారము దొరకకున్నను చూచుట అలవాటగును.

గద్వాలలో రెండవ పాఠము కృష్ణ ఒడ్డున. పిల్లలను గులకరాళ్ళు ఏరమని చెప్పి, రంగును బట్టి కుప్పలు పెట్టించండి. గులాబి, బూడిదరంగువి మన గ్రానైటు. తెల్లనివి పలుగురాళ్ళు. నల్లనివి కొన్ని మనవే. కాని కొన్ని గులకలు మనవి కావు. వెలుతురుకు పట్టితే లోపల వలయములు కనబడు ఎర్రని, తేనెరంగు రాళ్ళు, చెకుముకి రాళ్ళు. ఇవి ఎక్కడివి? కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరము దగ్గర పుట్టి, చాలదూరము దక్కను లావాబండలమీద పారి వచ్చుచున్నది. ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏండ్ల కిందట పొంగినది. అందులోని బుడగల ఖాళీలలో పేరుకొన్న రాళ్ళను నది ఒలిచి, నునుపు చేసి, మన పిల్లవాని చేతికి తెచ్చి ఇచ్చినది. ఒక గులకరాయి చేతబట్టి నది దారి అంతయు చెప్పవచ్చును, పటము అక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. జూరాల ఆనకట్ట 1990 దశకమునుండి పనిచేయుచున్నది. గేట్లు ఎత్తితే దిగువ బండలమీదికి నీరు ఎప్పుడు వచ్చునో పిల్లలకు తెలియదు. ముందుగా ప్రాజెక్టువారిని అడుగక నదిలోకి ఒక్క పిల్లవాణ్ణి కూడ దింపరాదు.

మూడవది నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల. పట్టణములలో పిల్లలకు రాళ్ళు చూపించుటకు పార్కులకు తీసికొనిపోతారు. హైదరాబాదులో 1998లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉన్నది. సుమారు 390 ఎకరములు, నడుమ గ్రానైటు బండలు. అక్కడ 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' అను సంస్థవారు పెద్దలను, పిల్లలను రాళ్ళ నడుమ నడిపించి, పోయిన బండలు పోగా ఉన్నవాటినైనను కాపాడుటకు పాటుపడినారు. మనకు ఆ పార్కుకంటె ఎన్నో రెట్లు పెద్దదైన అరణ్యము ఇంటి ముందర ఉన్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యము. విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యముగా ఏర్పడి, 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత మనవైపు భాగమునకు ఈ పేరు వచ్చినది.

అచ్చంపేట దాటి రంగాపురము దగ్గర ఉమామహేశ్వరము గట్టు కిందికి వచ్చేవరకు మీ కాలికింద ఉన్నది గ్రానైటే. తల ఎత్తి చూస్తే మీద ఉన్నది వేరే రాయి. పొరలు పొరలుగా, గోడ కట్టినట్లు నిలిచియున్నది. శాస్త్రజ్ఞులు దానిని శ్రీశైలం క్వార్ట్‌జైటు అంటారు. ఇసుక పేరుకొని, అదిమి, గట్టిపడి అయిన రాయి. భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ నల్లమల రాళ్ళ వరుసను నడిచి చూసి, 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చిన తన పెద్ద గ్రంథములో వివరించినాడు.

ఆ ఇసుక ఎక్కడిది? ప్రాచీనమైన గ్రానైటు కొండలు అరిగి, వాగులలో కొట్టుకొనివచ్చి, నిస్సారమైన ఒడ్డులలో పరుచుకొన్నది. వనపర్తిలో చూసిన గుట్టవంటి గుట్టలే పొడియై అచ్చంపేట గట్టుగా లేచి నిలిచినవి. మొదటి యాత్రలో గ్రానైటునుండి రాలిన పలుగు పలుకును కాగితములో చుట్టి తెచ్చి, ఇక్కడి రాతి పక్కన పెట్టి చూపించండి. శిలాచక్రమని పుస్తకములో బాణపుగుర్తులు వేసి చూపించునది ఇదే.

నల్లమల బండలమీద కొన్నిచోట్ల అలల చాళ్ళు కనబడును. నీరు తగ్గిన వాగులో ఇసుకమీద ఎట్లు వరుసగా గీతలు పడునో అట్లే, రాతిమీద. మాతో వచ్చిన ఒక ఏడవ తరగతి అమ్మాయి ఆ చాళ్ళమీద వేళ్ళు ఆన్చి, "సార్, ఇది మా ఊరి వాగే, గట్టిపడ్డది" అన్నది. నూరు కోట్ల ఏండ్లకు తక్కువ కాని ఒక సాయంకాలమున కదలిన నీరు అక్కడ తన గుర్తు పెట్టిపోయినది. ఆ అమ్మాయి చెప్పిన మాటకంటె మంచి పాఠము నేను చెప్పలేను.

ఈ గ్రానైటునకు, దానిపైనున్న క్వార్ట్‌జైటునకు నడుమ ఒక సందు గీత ఉన్నది. కింది రాయి గట్టిపడి, పైకి తేలి, అరిగిపోవుటకు పట్టిన కోట్ల సంవత్సరములు ఆ గీతలో దాగినవి. ఆ కాలమునకు ఇక్కడ రాయి లేదు. గీత మాత్రమే ఉన్నది. తిరుమల కనుమదారిలో ఇటువంటి సందునే భూవిజ్ఞాన సర్వే సంస్థవారు జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించినారు. ఉమామహేశ్వరములో బండ కిందనుండి బొట్లు బొట్లుగా నీరు ఊరుట మీలో చాలామంది చూసియుందురు. వాననీరు గట్టుమీది పగుళ్ళగుండా దిగివచ్చి, దారి దొరికినచోట బయటపడుచుండును.

ఆ గీతకు ఇంకొక సంగతి ఉన్నది. నల్లగొండ వైపు లంబాపురము, పెద్దగట్టు దగ్గర యురేనియము దొరికినది ఇటువంటి సందులోనే. అందుచేతనే అమ్రాబాద్‌లో కూడ వెదకవలెనని ప్రతిపాదన వచ్చినది. చెంచువారు, రైతులు, విద్యార్థులు వద్దన్నారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియము తవ్వకములు వద్దని తీర్మానము చేసినది. ఆ దినములలో పత్రికలు చదివి మా పాత విద్యార్థులు కొందరు నన్ను కలిసినారు. "సార్, మీరు మమ్ములను వేలు పెట్టి చూడమన్న గీతే గదా ఇది?" అన్నారు. అవునన్నాను. అవునని, కాదని వాదించుటకు ముందు ఆ రాయిని కంటితో చూసినవారు వారు. పౌరుడైనవానికి అంతకంటె చదువేమి కావలెను?

అభయారణ్యములో నియమములు వేరు. అటవీశాఖవారి అనుమతి లేక లోనికి పోరాదు. ఒక్క గులకరాయి కూడ తీసికొనిరారాదు. సుత్తి అసలే పనికిరాదు. పెన్సిలు, కాగితము, కొలత తాడు చాలును. వ్రేలాడు బండల కింద తేనెపట్లు ఉండును. కేకలు, పొగ, అత్తరు పనికిరావు. సాధ్యమైనంతవరకు చెంచువారినొకరిని దారిచూప పిలువవలెను. ఏ ఊట ఎండలో నిలుచునో, ఏది శివరాత్రికే ఎండునో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

ఇక కాలము సంగతి. కోట్ల సంవత్సరములని నోటితో చెప్పితే పిల్లలకు అర్థము కాదు, మనకును కాదు. ఇరువదియైదు మీటర్ల తాడు తీసికొండి. ఒక కొస మన గ్రానైటు పుట్టిన కాలము, 250 కోట్ల ఏండ్లు. రెండవ కొస ఈనాడు. మీటరుకు 10 కోట్ల ఏండ్లు, సెంటీమీటరుకు 10 లక్షలు, మిల్లీమీటరుకు లక్ష. దక్కను లావా పొంగినది ఈ కొసనుండి 66 సెంటీమీటర్ల దూరములో. మనవంటి మనుష్యులు పుట్టినది మూడు మిల్లీమీటర్ల దూరములో. క్రీస్తు శకమంతయు మిల్లీమీటరులో యాభయ్యవ వంతు. మనము పండుగ చేసికొనుచున్న ఈ నూరేండ్లు ఆ తాడుమీద కంటికి ఆనవు. ఇది మనలను చిన్నబుచ్చుటకు చెప్పుట లేదు. ఇంత చిన్న స్థలములో ఎన్ని బడులు కట్టినారో మన పెద్దలు, అని ఆశ్చర్యపడుటకు చెప్పుచున్నాను.

ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఇన్ని కోట్ల ఏండ్లని చెప్పి పిల్లల విశ్వాసము చెరుపుచున్నావేమో, ఆలోచించుకో" అన్నారు. ఆయనపై నాకు గౌరవము. నేనన్నాను: "అయ్యా, ఈ లెక్క నేను కల్పించినది కాదు. గ్రానైటులో జిర్కాను అను చిన్న పలుకులుండును. వాటిలోని యురేనియము నియమము తప్పక సీసముగా మారుచుండును. ఒక రకము యురేనియము సగము మారుటకు 447 కోట్ల ఏండ్లు పట్టును. రెండింటిని తూచి వయస్సు లెక్క కడతారు. సృష్టికర్త చేతిపనిని కొలిచి చూచుట ఆయనను శంకించుట కాదు గదా." ఆయన కొంచెముసేపు ఊరకుండి, "ఆ తాడు ఒకసారి నాకు కూడ చూపించు" అన్నారు. చూపించినాను.

చివరిగా చేదు సంగతి. ఒక యాత్రలో వాగు ఒడ్డున పాచిపట్టిన బండమీద ఒక పిల్లవాడు జారి పడి గడ్డము చీలినది. కుట్లు పడినవి. తప్పు నాది. ముందురోజు పోయి ఆ దారి నడిచి చూడవలసినది, చూడలేదు. నలుబది మందికి పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. తలిదండ్రులు కోపపడినారు, న్యాయమే. బడివారు యాత్రలు ఆపుమన్నారు. నేనును భయపడి అయిదేండ్లు గుట్టవైపు పోలేదు. మరల నల్లబల్ల, మరల మూడు విధముల శిలలు.

ఆ ఏడే వడ్డెరవారి పిల్లవాడు తలిదండ్రులతో పనికి వలసపోయి తిరిగి బడికి రాలేదు. యాత్రలు ఆగినందుకే పోయినాడని నేననను. కూడు లేక పోయినాడు. కాని ఆ అయిదేండ్లలో వెనుక బెంచీలో ఎందరు అటువంటివారు కూర్చున్నారో, వారు ఏమి ఎరుగుదురో నేను తెలిసికొనలేదు. వారిని పలికించే చోటికి నేను తీసికొనిపోలేదు. గడ్డముమీది కుట్లు నెలకు మానినవి. ఇది మానలేదు.

కనుక మీకు నా మనవి నాలుగు మాటలలో చెప్పి ముగిస్తాను.

ఒకటి, మన బడులలో ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు ప్రతి పిల్లవానికి, ప్రతి అమ్మాయికి ఏడాదికి ఒక్క యాత్రయైనను ఉండవలెను. నవంబరునుండి ఫిబ్రవరిలోపల, ఎండ ముదరకముందు. మూడేండ్లలో మూడు పాఠములు: వనపర్తి గ్రానైటు, గద్వాల నల్లరాయి, నల్లమల ఇసుకరాయి.

రెండు, పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి తప్పనిసరి. ముందురోజు ఉపాధ్యాయుడు ఆ దారి అంతయు నడిచి చూడవలెను. మందుల పెట్టె, తాగు నీరు, తలకు టోపీ. తడిబండమీద ఎవరును కాలు పెట్టరాదు. భయముచేత మానవద్దు, జాగ్రత్తతో పోవలెను. తల్లులు వెంట రండి. మీరు వస్తే ఆడపిల్లలు కూడ వస్తారు, మాకును కొత్త పాఠములు దొరకును.

మూడు, మన సంఘములో రాళ్ళు కొట్టినవారు, బావులు తవ్వినవారు, మేస్త్రీలు, బోరుబండి నడిపినవారు ఉన్నారు. ఆనాడు వారిని గురువులుగా పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టవలెను. వారి పిల్లల ఎదుటనే ఆ గౌరవము జరుగవలెను.

నాలుగు, మేము మొదటిసారి నడిచిపోయిన గుట్ట ఇప్పుడు లేదు. కంకరై రోడ్లలో, స్లాబులలో కలిసిపోయినది. ఇండ్లు కావలెను, రోడ్లు కావలెను, రాతిపని చేసేవారికి కూలి కావలెను. గుట్టలన్నిటిని ఆపుమని నేననను. ఊరికొక గుట్టనైనను బడి కొరకు విడిచిపెట్టుమని గ్రామసభలో అడుగుదము. 250 కోట్ల ఏండ్లు నిలిచినది మన చేతిమీదుగా నాలుగేండ్లలో పోకుండ చూచుకొందము.

ఈ సభ ముగిసి బయటికి పోవునప్పుడు దేవాలయపు మెట్టుమీద ఒక్క క్షణము ఆగి, వంగి చూడండి. గాజువంటి పలుకు, గులాబి పలుకు, నల్లని రేకు, మూడును కనబడును. మీ పక్కనున్న పిల్లవానికి కూడ చూపించండి. వాడు మీకంటె ఎక్కువ చెప్పితే, దయచేసి నేను చేసినట్లు కూర్చోబెట్టవద్దు. చెప్పనిండు.